పాడేది వాళ్ళు, అర్థం చెప్పేదెవరు?

ధనుర్మాసం వచ్చిందంటే హైదరాబాదు కాలనీల్లో గుడి వేళలు మారిపోతాయి. డిసెంబరు నడిమి నుంచి భోగి దాకా, దిల్‌సుఖ్‌నగర్ మొదలుకొని కూకట్‌పల్లి వరకూ ఏ వైష్ణవాలయం ముందునుంచి వెళ్ళినా తెల్లవారకముందే మైకులో తిరుప్పావై వినిపిస్తుంది. పాడుతున్నది ఎక్కువగా స్త్రీలు. వాళ్ళ చేతుల్లో ఉన్నది తెలుగు లిపిలో అచ్చయిన తమిళ పాఠం. వాళ్ళలో చాలామందికి తమిళం రాదు. వెయ్యేళ్ళకు పైబడి శ్రీవిల్లిపుత్తూరులో ఒక అమ్మాయి కట్టిన ముప్పై పాశురాల్ని వీళ్ళు రోజూ పాడి, ఆ రోజు పాశురాన్ని మరోసారి అంటారు. తిరుమలలో కూడా ఈ నెల రోజులూ సుప్రభాతం బదులు గోదాదేవి పాటే స్వామిని లేపుతుంది.

ఒక స్త్రీ రాసిన కవిత్వాన్ని ఇంతమంది స్త్రీలు, ఇన్ని రోజులు, ఇంత క్రమంగా, కలిసి చదివే సందర్భం తెలుగుదేశంలో మరొకటి ఉందా? నాకు తోచలేదు. అయినా మన సాహిత్య విమర్శ దీన్ని ‘పఠనం’గా ఎన్నడూ లెక్కించలేదు. సంప్రదాయ విమర్శకులకు అది భక్తి. అభ్యుదయ విమర్శకులకు మూఢత్వం. స్త్రీవాదులమైన మనకేమో అది కాస్త ఇబ్బంది కలిగించే విషయం. మన అమ్మలూ అత్తలూ పిన్నులూ చేసే పని కాబట్టి గట్టిగా తిట్టలేం, గుడి కాబట్టి దగ్గరకు వెళ్ళలేం. ఈ మొహమాటం వల్ల ఒక ముఖ్యమైన ప్రశ్న అడగకుండానే మిగిలిపోయింది. ఈ పాట పాడే స్త్రీలకు దాని అర్థం మీద హక్కు ఉందా? ఉంటే, గుడి దాన్ని ఒప్పుకుంటుందా?

ముందు పాఠంలో ఏముందో చూద్దాం. తిరుప్పావై అనగానే స్వామికి మేలుకొలుపు అనుకుంటాం. కానీ అందులో మొదటి సగమంతా అమ్మాయిలు అమ్మాయిల్ని లేపుకోవడమే. మొదటి అయిదు పాశురాల్లో వ్రతం సంగతి, వానల సంగతి, కృష్ణుడి మహిమ అయ్యాక, ఆరు నుంచి పదిహేను దాకా పది పాశురాల్లో పది ఇళ్ళ ముందు నిలబడి పది మంది స్నేహితురాళ్ళను పిలుస్తారు. ఆ పిలవడంలో ఎంత చనువు! ఒకచోట అత్తను పిలిచి, మీ అమ్మాయి మూగదా చెవిటిదా అని అడుగుతారు. ఇంకోచోట కుంభకర్ణుడు ఓడిపోయి తన నిద్ర నీకిచ్చి పోయాడా అని వేళాకోళం చేస్తారు. అందరికంటే ముందు నేనే లేచి మిమ్మల్ని లేపుతానని గొప్పలు చెప్పుకున్న పిల్ల ఇంకా పడుకునే ఉంటే, సిగ్గులేదా అని దెప్పుతారు. పదిహేనో పాశురానికి వచ్చేసరికి లోపలి అమ్మాయికీ బయటి అమ్మాయిలకీ వాదులాటే జరుగుతుంది. చివరికి లోపలి పిల్ల, పోనీ తప్పు నాదే అనుకోండి అని ఒప్పుకుని వచ్చేస్తుంది. పెరుగు చిలికే చప్పుడు, గాజుల గలగల, మేతకు పోయే గేదెలు, పెరటి కొలనులో విచ్చుకున్న చెంగలువలు – ఇదంతా ఇంటి పనికి తెల్లవారుజామునే లేచే ఆడవాళ్ళకు తెలిసిన లోకం.

గమ్మత్తుగా, నేను చూసిన కాలనీ గుళ్ళలో స్త్రీలు ఈ భాగాన్ని పాడటమే కాదు, చేస్తారు కూడా. నాలుగు గంటలకు ఒకరికొకరు మిస్డ్ కాల్ ఇచ్చుకుంటారు. ఇప్పుడు వాట్సాప్ గ్రూపులో దండం బొమ్మలు పెడతారు. ఎవరి బొమ్మ రాకపోతే వాళ్ళకు ఫోను. అయినా లేవకపోతే దారిలో గేటు దగ్గర ఆగి పిలుస్తారు. “ఏమమ్మా, కుంభకర్ణుడి చెల్లెలా!” అని నవ్వుతారు. పదో పాశురం తమిళంలో అర్థంకాకపోయినా, పదో పాశురంలో ఉన్న సంగతి వాళ్ళకు తెలుసు. పిల్లలు అమెరికాలో ఉన్న పెద్దావిడకు, భర్త పోయాక గుమ్మం దాటడం మానేసిన ఇంకొకావిడకు, ఇంటి చాకిరీలోంచి రోజుకు ఒక గంట దొంగిలించుకునే కోడలికి ఈ నెల రోజుల్లో దొరికేది దైవదర్శనం ఒక్కటే కాదు. ‘నువ్వు రాకపోతే కుదరదు’ అని పిలిచే మనుషులు దొరుకుతారు. దీన్ని భక్తి అని తీసిపారేస్తే, కవిత గుండెకాయను మనం చూడనట్టే.

ఇప్పుడు ఉపన్యాసం సంగతి. పారాయణం అయ్యాక ఆ రోజు పాశురానికి అర్థం చెప్పేది దాదాపు ప్రతిచోటా పురుషుడే. గుడి స్వామివారో, బయటినుంచి పిలిపించిన పండితుడో. ఆయన వెనుక పెద్ద సంప్రదాయమే ఉంది. రామానుజులు తిరుప్పావై మీద ప్రేమతో ‘తిరుప్పావై జీయర్’ అని పేరు తెచ్చుకున్నారు. పదమూడో శతాబ్దంలో పెరియవాచ్చాన్‌పిళ్ళై దీనికి మూవాయిరప్పడి అనే వ్యాఖ్యానం రాశారు. ఈ వ్యాఖ్యాతలే లేకపోతే తిరుప్పావై మనదాకా వచ్చేదా అన్నది న్యాయమైన ప్రశ్న. ఎందరో స్త్రీల పాటలు పట్టించుకునే వ్యవస్థ లేక కాలంలో కలిసిపోయాయి. గోద పాటను వేదంతో సమానంగా నిలబెట్టి కాపాడింది ఈ సంప్రదాయమే. పన్నెండు మంది ఆళ్వార్లలో ఒకే ఒక్క స్త్రీకి పీట వేసిందీ అదే. దీన్ని కాదనలేం.

కానీ కాపాడినందుకు తీసుకున్న వెల కూడా ఉంది. వ్యాఖ్యాన సంప్రదాయంలోని ఒక ధోరణి ప్రకారం, ఆ పది ఇళ్ళలో నిద్రపోతున్నది పది మంది అమ్మాయిలు కాదు. పది మంది ఆళ్వార్లు. ఈ పాశురంలో లేపుతున్నది ఫలానా ఆళ్వారును, ఆ పాశురంలో ఫలానా వారిని అని వరసగా చెబుతారు. గురుపరంపరలోని ఆచార్యులను కూడా అందులోనే చూపిస్తారు. నగరపు గుళ్ళలో నేను విన్న ఉపన్యాసాల్లో ఎక్కువమంది ఇష్టంగా ఎత్తుకునేది ఈ అర్థాన్నే. వినడానికి బాగుంటుంది, చెప్పేవారి పాండిత్యమూ తెలుస్తుంది. ఫలితం ఏమిటంటే, ఎదురుగా నూరు మంది స్త్రీలు కూర్చుని ఉండగా, స్త్రీలు స్త్రీలను పిలిచే పాటలోంచి ఒక్కొక్క అమ్మాయి లేచి వెళ్ళిపోతుంది. ఆ ఖాళీ అయిన పడకల మీద గౌరవనీయులైన పురుషులు నిద్రపోతుంటారు.

నప్పిన్నను లేపే పాశురాల్లో ఇది ఇంకా స్పష్టం. పద్దెనిమిది నుంచి ఇరవై దాకా గోపికలు ఆమె తలుపు తడతారు. ఉపన్యాసంలో దీనికి ‘పురుషకారం’ అని పేరు. తండ్రి కోపంగా ఉంటే తల్లి నచ్చజెప్పినట్టు, అమ్మవారు స్వామికి మన తరఫున చెబుతుందని పోలిక తెస్తారు. మంచి ఇల్లాలు ఎలా మెలగాలో అక్కడినుంచి పది నిమిషాలు సాగుతుంది. పాశురంలో ఉన్నదేమో వేరు. పంతొమ్మిదో పాశురంలో అమ్మాయిలు నప్పిన్న మీదే నిష్ఠూరం వేస్తారు. ఆయనను క్షణం కూడా వదలవు, లేవనివ్వవు, ఇది నీకు తగదు అని ముఖం మీదే అంటారు. ఇల్లాలి ఒద్దిక మీద చెప్పే పాఠానికి ఆధారంగా చూపిస్తున్న పాశురంలో ఒద్దికే లేదు!

అలంకారంగా అర్థం చెప్పడమే తప్పు అని నా వాదన కాదు. భక్తి కవిత్వం రెండు మూడు అంతస్తుల్లో నిలబడుతుంది. పై అంతస్తు చూపించడానికి కింది అంతస్తు కూల్చనక్కరలేదు అన్నదే నా వాదన.

గోద రాసిన రెండో రచన నాచ్చియార్ తిరుమొళికి గుళ్ళో దొరికిన చోటు చూస్తే ఈ ఎంపిక వెనుక లెక్క తెలుస్తుంది. అందులో 143 పాశురాలున్నాయి. విరహం, కోపం, శరీరం, వేడుకోలు, బెదిరింపు అన్నీ ఉన్నాయి. మనుషులకు నన్నిచ్చి పెళ్ళి చేస్తామంటే బతకను అని మొదటి పదిలోనే తెగేసి చెబుతుంది. నగరపు గుళ్ళో మనకు వినబడేది మాత్రం ‘వారణమాయిరం’ – పెళ్ళి కలగన్న పదకొండు పాశురాలు. భోగినాడు గోదాకల్యాణంలో అది తప్పకుండా ఉంటుంది. మిగిలిన పాశురాల ఊసు అరుదు. ఆ కల్యాణానికి పెళ్ళికాని ఆడపిల్లల్ని ముందు కూర్చోబెడతారు. తిరుప్పావై చదివితే మంచి మొగుడు వస్తాడని చెబుతారు. మానవమాత్రుణ్ణి పెళ్ళాడనని భీష్మించిన కవయిత్రిని మానవమాత్రులైన వరుల్ని తెచ్చిపెట్టే దేవతగా మార్చడం కన్నా పెద్ద వైచిత్రి ఏముంటుంది?

తెలుగులో ఈ మార్పుకి పాత చరిత్రే ఉంది. గోద కథకు మనకున్న మహాకావ్యం కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద. ఆరు ఆశ్వాసాల ఆ కావ్యంలో గోద కథ మొదలయ్యేది అయిదో ఆశ్వాసంలో. అప్పటిదాకా విష్ణుచిత్తుడు, ఖాండిక్య కేశిధ్వజులు, యామునాచార్యుడు. గోద వచ్చాక కూడా మనం చూసేది ప్రధానంగా విరహిణిని, తర్వాత పెళ్ళికూతుర్ని. కవయిత్రిని వెతుక్కోవాలి. కావ్యం పేరు ఆమెది, కావ్యంలో మాట ఆమెది కాదు. ‘తాను ముడిచిన దండనిచ్చిన అమ్మాయి’గా ఆమె తెలుగువాళ్ళకు బాగా తెలుసు. ‘పాట కట్టిన అమ్మాయి’గా తెలియడానికి చాలాకాలం పట్టింది.

ఆమెను కవయిత్రిగా చూసి, ఆమె పాటను తెలుగులోకి తెచ్చిన స్త్రీ ఒకరున్నారు. తంజావూరు మరాఠా ఆస్థానంలోని ముద్దుపళని తిరుప్పావైని అనువదించిందని సూసీ తారు, కె.లలిత 1991లో వెలువరించిన భారతీయ స్త్రీల రచనల సంకలనం గుర్తు చేసింది. రాధికా సాంత్వనం రాసి తిట్లు తిన్న ముద్దుపళని, తిరుప్పావై దగ్గరకు వచ్చిన ముద్దుపళని ఒకరే! దేహాన్నీ దైవాన్నీ వేరుచేయని గోదను ఆమె ఎందుకు వెతుక్కుందో ఊహించడం కష్టం కాదు. ఆ రాధికా సాంత్వనాన్ని 1910లో తిరిగి అచ్చువేసిన బెంగుళూరు నాగరత్నమ్మ కథ మన విషయానికి మరీ దగ్గరిది. తిరువయ్యారులో త్యాగయ్య సమాధి మీద ఆమె తన డబ్బుతో గుడి కట్టించింది. అయినా అక్కడ ఆరాధనలో పాడటానికి స్త్రీలకు చోటు లేకపోతే, స్త్రీల బృందాన్ని వేరుగా కూడగట్టి పాడించింది. కట్టడానికి పనికొచ్చిన చెయ్యి, పాడటానికి పనికిరాని గొంతు. మన కాలనీ గుళ్ళలో లెక్క కొంచెం మారింది. ఇప్పుడు పాడటానికి పనికొస్తారు, చెప్పడానికి పనికిరారు.

గుడిలో స్త్రీ ఎక్కడ నిలబడుతుందో చూడాలంటే అర్చన టిక్కెట్టు తీసుకుంటే చాలు. “గోత్రం చెప్పండమ్మా” అంటారు. చెప్పేది పుట్టింటిదో మెట్టినింటిదో గానీ తనది కాదు. మొదట భర్త పేరు, తర్వాత ‘ధర్మపత్నీ సమేతస్య’. భర్త లేని స్త్రీ వస్తే స్వామివారు ఒక్క క్షణం ఆగుతారు, కొడుకు పేరు అడుగుతారు. గోడమీద చలువరాతి పలకల్లో దాతల పేర్లు చూడండి. శ్రీమతిని ముందు పెట్టిన పలకలు ఎన్ని ఉంటాయి? సేవాకాలంలో ప్రబంధం చెప్పే గోష్ఠి పురుషులది. తీర్థం, శఠారి ముందు వాళ్ళకు, ఆ తర్వాత వరసలో స్త్రీలకు. ఉభయదారుల పట్టికలో చక్కెరపొంగలికీ దద్ధ్యోజనానికీ డబ్బు కట్టించేది స్త్రీలే. గోదాకల్యాణానికి ఇల్లిల్లూ తిరిగి చందా వసూలు చేసేదీ వాళ్ళే. కమిటీ సమావేశంలో మాత్రం ‘మహిళా విభాగం’.

అన్నింటికన్నా నన్ను వెంటాడే లెక్క ఒకటుంది. వ్రతం ముప్పై రోజులు. నెలసరి వచ్చే వయసులో ఉన్న స్త్రీ, గుడి నియమం ప్రకారం, ఈ వ్రతాన్ని విడవకుండా పూర్తి చేయడం దాదాపు అసాధ్యం. అందుకే పారాయణ బృందాల్లో ముప్పై రోజులూ కనిపించేవారు యాభై దాటినవారే. కొందరు మాత్రలు వేసుకుని నెలసరిని వెనక్కి నెడతారు. ఆ సంగతి గుసగుసగా చెప్పుకుంటారు. ఇప్పుడు రెండో పాశురం తెరవండి. వ్రతం చేసేవాళ్ళు ఏం చేయాలో, ఏం చేయకూడదో చెప్పే పాశురమది. నెయ్యి తినం, పాలు తాగం, తెల్లవారుజామునే స్నానం చేస్తాం, కాటుక పెట్టుకోం, పూలు ముడవం, చేయరాని పనులు చేయం, చాడీలు చెప్పం, దానధర్మాలు చేస్తాం. ఇంత వివరమైన పట్టికలో ‘ఆ అయిదు రోజుల’ ప్రస్తావన లేదు. వ్రతం చేస్తున్నది అమ్మాయిలు. రాసింది అమ్మాయి. ఆ పాఠం ఎవరి గొంతుతో మాట్లాడుతుందో, ఆ వయసు వాళ్ళనే దాన్ని పాడకుండా ఆపుతున్నాం.

శబరిమల కేసులో 2018 సెప్టెంబరు 28న సుప్రీంకోర్టు 4–1 మెజారిటీతో తీర్పునిచ్చినప్పుడు, 2019 నవంబరులో ఆ ప్రశ్నల్ని విస్తృత ధర్మాసనానికి నివేదించినప్పుడు, టీవీల్లో ఎంత గొడవ జరిగిందో గుర్తుంది. కొండమీది గుడి గురించి వాదించినవారెవరూ సందుచివరి గుడి గురించి మాట్లాడలేదు. సందుచివరి గుడికి పోలీసు కాపలా అక్కర్లేదు. ఆడవాళ్ళే తమను తాము ఆపుకుంటారు.

ఇక్కడ నాకు బాగా తెలిసిన ఒక గుడిలో జరిగిన సంగతి చెప్పాలి. ఆ పారాయణ బృందంలో ఒక విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు ఉన్నారు. ప్రబంధాల మీద ఆవిడకున్న పట్టు ఆ ఉపన్యాసకులు చాలామందికి లేదు. ముప్పై రోజుల్లో ఒక్క రోజు, ఒక్క పాశురానికి, ఆవిడ చేత అర్థం చెప్పిద్దామని బృందంలోని ఆడవాళ్ళు కమిటీని అడిగారు. సంప్రదాయం లేదన్నారు. ఏ గ్రంథంలో వద్దని ఉందో చూపించమంటే, గ్రంథం సంగతి కాదు, అలవాటు లేదన్నారు. కావాలంటే గోదాకల్యాణం రోజు వ్యాఖ్యాత్రిగా మైకు పట్టుకుని వచ్చినవారిని పరిచయం చేయమన్నారు. ఆవిడ గొడవ పడలేదు. తమ అపార్ట్‌మెంటు సెల్లారులో దుప్పట్లు పరిచి మధ్యాహ్నం మూడింటికి చెప్పడం మొదలుపెట్టారు. అక్కడికి ‘అయిదు రోజుల’ వాళ్ళు కూడా రావచ్చు. వచ్చారు.

ఆ సెల్లారులో నేను విన్న వ్యాఖ్యానాలు ఏ ముద్రిత గ్రంథంలోనూ లేవు. పన్నెండో పాశురంలో గేదెల పాలు కారి ఇల్లంతా బురదైన వర్ణన వస్తే, ఒకావిడ “ఆ ఇల్లు కడిగేదెవరో రాయలేదేం?” అంది. అందరూ నవ్వారు గానీ, అది ఎంత పదునైన ప్రశ్న! పదిహేనో పాశురంలో తప్పు నాదే అన్న మాటను ఉపన్యాసకులు భాగవత లక్షణం అని మెచ్చుకుంటారు. ఇక్కడ ఒక కోడలు, “స్నేహితురాలి దగ్గర అలా అనడం తేలిక, ఎందుకంటే రేపు ఆమే అంటుంది. ఇంట్లో ఎప్పుడూ మనమే అనాలి” అంది. వినయం ఇద్దరి మధ్య మారుతూ ఉంటే స్నేహం, ఒకరి మీదే ఉంటే అణచివేత. ఆమె ఈ మాటల్లో చెప్పలేదు, కానీ చెప్పింది ఇదే. విమర్శ అంటే ఇది కాకపోతే ఇంకేమిటి?

అయితే ఆ సెల్లారును స్వర్గంగా చూపించి ముగించడానికి నాకు మనసొప్పదు. అక్కడ కూర్చున్నవారిలో దాదాపు అందరూ రెండు మూడు కులాలవారే. అపార్ట్‌మెంటు మెట్లు ఊడ్చే స్త్రీ పక్కనుంచే చీపురు పట్టుకుని వెళ్ళింది. ఎవరూ కూర్చోమనలేదు. ఇరవై ఎనిమిదో పాశురంలో గోద పశువుల వెంట నడిచేవాళ్ళం, తెలివిలేని గొల్లవాళ్ళం అని ఆ పిల్లల గొంతు పెట్టుకుంటుంది. పండితులు దాన్ని అనుకారం అని కీర్తిస్తారు. కింది కులం గొంతు పెట్టుకోవడం భక్తి అయితే, కింది కులం మనిషిని పక్కన కూర్చోబెట్టుకోవడం ఏమవుతుంది? ఆముక్తమాల్యదలో మాలదాసరి గుడి బయట నిలబడే పాడాడు. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథస్వామి గుడిలోకి ఒక దళిత భక్తుణ్ణి అర్చకులు భుజాలమీద మోసుకుని వెళ్ళారు. తిరుప్పాణాళ్వారు కథను మళ్ళీ ఆడి చూపిన ఆ మునివాహన సేవ గొప్ప సంజ్ఞే. కానీ సంజ్ఞ రోజుకూ మామూలు రోజుకూ మధ్య దూరం చాలా ఉంది. పైగా ఆ భుజాల మీదికి ఒక దళిత స్త్రీని ఊహించుకోండి. ఊహకే అందదు కదా!

గుడి ముందు మెట్ల పక్కన కూర్చుని పూలమ్మే స్త్రీని తిరుప్పావై చదివేవాళ్ళెవరూ గోదతో పోల్చరు. విష్ణుచిత్తుడి ఇంటి పని దండలు కట్టడమే. ఆ ఇంటి కూతురు కూడా దండ కట్టే అమ్మాయే. చలిలో మూడింటికి పూలమార్కెట్టుకు వెళ్ళి, అయిదింటికల్లా దండలు కట్టి తెచ్చి, లోపల పాడుతున్న పాటను బయటినుంచి వినే ఆ మనిషికి ముప్పై పాశురాలూ కంఠతా వచ్చి ఉండొచ్చు. ఎవరమూ అడగలేదు. దండ మాత్రం మనం తీసుకుని లోపలికి వెళతాం.

మార్పు రాదని కాదు. తమిళనాడులో 2021లో ప్రభుత్వం ఒక యువతిని గుడిలో ఓదువారుగా, అంటే తేవారం పాడే ఉద్యోగిగా, నియమించింది. 2023లో ముగ్గురు స్త్రీలు అర్చక శిక్షణ పూర్తి చేశారు. పాడటం అనే పనికి జీతం, హోదా ఉండొచ్చని అక్కడ ఒప్పుకున్నారు. మన కాలనీ గుళ్ళలో నెల రోజులు గొంతు అరిగేలా పాడిన బృందానికి చివరి రోజు ఒక జాకెట్టు గుడ్డ, తాంబూలం. అది గౌరవమే. కానీ గౌరవం వేరు, అధికారం వేరు.

స్త్రీలు గుడికి వెళ్ళాలా వద్దా అన్న చర్చ మనం చాలాసార్లు చేశాం. వాళ్ళు మన అనుమతి కోసం ఆగలేదు, వెళుతూనే ఉన్నారు. ఇప్పుడు అడగాల్సింది, అక్కడ వాళ్ళు చేస్తున్న పఠనాన్ని మనం సాహిత్య చరిత్రలో భాగంగా తీసుకుంటామా లేదా అని. తిరుప్పావై మీద వచ్చే సిద్ధాంత గ్రంథాల్లో పెరియవాచ్చాన్‌పిళ్ళై ఉంటారు, ఉండాలి కూడా. ఆ పక్కనే “ఇల్లు కడిగేదెవరు?” అన్న ఆవిడకూ ఒక పేరా ఉండాలి. వచ్చే ధనుర్మాసానికి మనలో నలుగురం నాలుగు గుళ్ళకు నోటుపుస్తకం పట్టుకుని వెళ్ళగలిగితే చాలు. ఉపన్యాసం రాసుకోవడానికి కాదు. అది రికార్డు అవుతూనే ఉంది. ఉపన్యాసం అయ్యాక, చెప్పులు వేసుకుంటూ, పొంగలి తింటూ ఆడవాళ్ళు ఒకరితో ఒకరు చెప్పుకునే అర్థాన్ని రాసుకోవడానికి. వెళ్ళేటప్పుడు పూలమ్మే ఆవిడ దగ్గర కూడా కాసేపు ఆగాలి.